అటవీ విధానం మారినప్పుడల్లా పాత మాట విన్నవాడే మునుగుతున్నాడు

సంపాదకులకు నమస్కారం.

వనమహోత్సవం వారంలో మీ పేపర్లో జాతీయ అటవీ విధానం మీద వచ్చిన పెద్ద వ్యాసం రెండుసార్లు చదివాను. తెల్లవాళ్ల కాలంలో అడవి అంటే కలప, స్వతంత్రం వచ్చాక ఫ్యాక్టరీలకు ముడిసరుకు, 1988 నుంచి పర్యావరణం, 2006 నుంచి హక్కులు అంటూ మెట్టు మెట్టుగా పైకి ఎక్కించుకుంటూ వెళ్లారు. తారీఖులన్నీ సరిగ్గానే ఉన్నాయి, తప్పు పట్టడానికి రాయడం లేదు. కానీ నేను గోదావరి పక్క ఏజెన్సీలో ఇరవై రెండేళ్లు పంతులుగా చేసి, ఊళ్లో చదువు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కావడంతో అందరి అర్జీలూ, తీర్మానాలూ రాసిపెట్టినవాణ్ని. ఆ మెట్లెక్కే హడావుడిలో కాళ్ల కింద పడ్డవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఇన్నాళ్లూ రాయలేదు.

మా స్కూలున్న కోయగూడెంలో ఇద్దరు బావా బామ్మర్దులు. వాగు అవతల ఇద్దరికీ పక్కపక్కనే పోడు, అంటే అడవి కొట్టి చేసుకున్న సాగు. పేర్లెందుకులెండి, పెద్దాయన, చిన్నాయన అనుకుందాం. 1999 వానాకాలం నాటి మాట. అప్పట్లో ఎక్కడ చూసినా వన సంరక్షణ సమితులే. ప్రజలు అటవీశాఖకు శత్రువులు కారు, భాగస్వాములు అని 1990 జూన్ 1న ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది, 1992 నుంచి మన రాష్ట్రంలో సమితులు పెట్టడం మొదలైంది, మా గూడెం దాకా రావడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. స్కూలు వరండాలోనే మీటింగ్ పెట్టారు. జీపులో వచ్చిన ఆఫీసరు నిజానికి మంచివాడే, బాగానే మాట్లాడాడు. పోడు వదిలి ప్లాంటేషన్‌కి ఇస్తే మొక్కలు శాఖవి, కూలి మీకు, కాపలా మీది, కోతకొచ్చాక వాటా మీది అన్నాడు. తీర్మానం పుస్తకం నా ముందు పెట్టారు. స్కేలు పెట్టి గీతలు కొట్టి, వరస నంబరు, పేరు, తండ్రి పేరు, ఎకరాలు అని గళ్లు వేసి నేనే రాశాను.

పెద్దాయన లేచొచ్చి నా బల్ల పక్కన కూర్చుని, "ఇమ్మంటావా సారూ?" అని అడిగాడు. గవర్నమెంటే భాగస్వామ్యం అంటోంది, కేసుల గొడవ కూడా ఉండదు, ఇయ్యి అన్నాను. మూడెకరాల ఇరవై గుంటలు. వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా తలకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

చిన్నాయన ఇవ్వనన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆ తర్వాత నాలుగైదేళ్లు ఆయన పడ్డ పాట్లు నేను కళ్లారా చూశాను. నాగలి పట్టుకుపోయారు, రెండుసార్లు జరిమానా కట్టాడు, ఒక కేసులో వాయిదాలకు తిరిగి తిరిగి రెండు మేకలు అమ్ముకున్నాడు. గూడెంలో కూడా వీడి వల్ల అందరికీ చెడ్డపేరు అని తిట్టినవాళ్లున్నారు, ఆ తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ జరిమానా రసీదులు మాత్రం ఒక్కటి కూడా పోగొట్టకుండా వెదురుబొంగులో చుట్టిపెట్టి ఇంటి చూరులో దోపాడు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2008 జనవరి నుంచి రూల్స్. గిరిజనుల్లో 2005 డిసెంబరు 13 నాటికి ఎవరి సాగులో ఉంటే వాళ్లకు హక్కు. రుజువులు రెండు ఉండాలి. ఇద్దరికీ ఫారం నేనే నింపాను. చిన్నాయన చూరులోంచి బొంగు తీసి బల్ల మీద దులిపాడు. రసీదులు, కేసు కాగితం. ఫలానా కంపార్ట్‌మెంటులో, ఫలానా తేదీన, ఇన్ని ఎకరాలు అక్రమంగా దున్నుతుండగా పట్టుకున్నాం అని సాక్షాత్తూ శాఖవాళ్లే రాసి, సంతకం పెట్టి, సీలు వేసిచ్చారు. ఆ భూమి ఆయన సాగులో ఉందనడానికి అంతకంటే గట్టి ప్రభుత్వ రికార్డు ఎక్కడ దొరుకుతుంది? ముందు నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు తర్వాత సిగ్గేసింది. ఆయనకు పట్టా వచ్చింది.

పెద్దాయన భూమిలో అప్పటికి జామాయిల్ చెట్లు తొమ్మిదేళ్లవి. కట్‌-ఆఫ్ తేదీ నాటికి సాగులో లేదు అన్నారు. ఎవరినైనా అక్రమంగా ఖాళీ చేయించి ఉంటే వాళ్లకు చట్టంలో దారి ఉంది, అది చెప్పి చూశాను. ఖాళీ ఎవరు చేయించారు, ఆయనే ఇష్టపడి రాసిచ్చాడుగా అని తీర్మానం పుస్తకం తెరిచి చూపించారు. అక్షరాలు నావే, గీతలు నావే. బయటికొచ్చాక పెద్దాయన నన్నేమీ అనలేదు. "గవర్నమెంటు మాట ఇనకపోయినోడికి గవర్నమెంటే భూమిచ్చింది సారూ" అన్నాడు, కోపంగా కూడా కాదు, లెక్క తెలియని పిల్లవాడు అడిగినట్టు.

ఇది ఒక గూడెం సంగతి, దీన్నిబట్టి దేశ విధానాన్ని తూకం వేస్తారా అని మీరనొచ్చు. అప్పటినుంచీ పాత విధానాలన్నీ తీసి చదివాను, రిటైరయ్యాక పనేముంది. చదివినకొద్దీ ఇదే కథ పెద్ద అక్షరాల్లో కనబడింది.

1894లో బ్రిటిష్ సర్కారు వేసిన మొదటి అటవీ విధానం ఏం చెప్పిందో మీ వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. వ్యవసాయానికి భూమి అవసరమై, అది అడవిలో తప్ప ఇంకెక్కడా దొరక్కపోతే సందేహించకుండా వదిలిపెట్టండి అని అందులో ఉంది. శిస్తు వస్తుంది కదా మరి. 1940లలో తిండికి కరువొచ్చినప్పుడు ఎక్కువ పండించండి అంటూ అడవి భూములు కూడా సాగుకిచ్చారు. ఆ మాట విని అడవి కొట్టి సాగు చేసుకున్నవాడి కొడుకు 1952 విధానం వచ్చేసరికి దేశ సంపదకు అడ్డం వచ్చినవాడయ్యాడు. దేశంలో మూడో వంతు అడవి ఉండాలి, కొండల్లో 60 శాతం, మైదానాల్లో 20 శాతం అని లెక్క కట్టింది అప్పుడే. ఒక ఊరు అడవి పక్కన ఉండటం యాదృచ్ఛికం, అంతమాత్రాన ఆ సంపద మీద యావద్దేశానికి ఉన్న హక్కు తగ్గిపోదు అనే అర్థం వచ్చే వాక్యం ఆ విధానంలోనే ఉంది. వందల ఏళ్లుగా ఉన్న గూడెం యాదృచ్ఛికమట! అదే అడవి పక్కన పేపరు మిల్లు పెడితే మాత్రం అది ప్రణాళిక.

మా ప్రాంతంలో ఇంకో తమాషా. గోదావరికి ఎడమ ఒడ్డున భద్రాచలం వైపు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, కుడి ఒడ్డున నిజాం చట్టం. పడవ దాటితే చట్టం మారేది. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967లో వచ్చాకే రెండు ఒడ్లకూ ఒకటే చట్టం అయింది. పల్నాడులో అడవిలో పశువుల మేతకు వేసే పుల్లరి పన్ను కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకీ గుండ్లకు చనిపోయిందీ, జోడేఘాట్‌లో కొమురం భీం 1940లో చనిపోయిందీ వేర్వేరు ప్రభుత్వాల కింద. పశువు మేసిన గడ్డి ఎవరిది, దున్నిన చెలక ఎవరిది అన్న తగువు మాత్రం రెండు చోట్లా ఒక్కటే. వాళ్లకు విగ్రహాలు పెట్టాం, మంచిదే.

1970లలో గాలి మళ్లీ మారింది. 1975లో మన రాష్ట్రంలో అటవీ అభివృద్ధి సంస్థ పెట్టారు, 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ అడవిని ఉత్పత్తి కోసం పెంచాలంది, అదే ఏడాది 42వ రాజ్యాంగ సవరణతో అడవులు రాష్ట్రాల జాబితాలోంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. కలగాపులగంగా ఉన్న అడవి కొట్టేసి ఒకే వరసలో జామాయిల్. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, దూరం నుంచి పచ్చగా అడవిలాగే ఉంటుంది, లోపలికెళితే పిట్ట కూత వినబడదు. 1980 అక్టోబరు 25 నుంచి అటవీ సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది, కేంద్రం అనుమతి లేకుండా అడవి భూమిని వేరే పనికి ఇవ్వకూడదంది. ఆ చట్టం లేకపోతే ఈపాటికి ఏం మిగిలేదో ఊహించడం కష్టం, దాన్ని నేను తక్కువ చేయను.

1988 విధానం నా దృష్టిలో వీటన్నిటిలోకీ నిజాయితీ ఉన్నది. అడవి నుంచి వచ్చే డబ్బు తర్వాత, ముందు పర్యావరణ సమతుల్యం అంది. అడవిలో, అడవి పక్కన బతికేవాళ్ల వంటచెరకు, మేత, చిన్న ఫలసాయం, ఇంటి కలప, వీటికే అడవి మీద మొదటి వాటా అంది. 1952లో యాదృచ్ఛికం అనిపించుకున్న ఊరు ముప్పై ఆరేళ్లలో మొదటి వాటాదారైంది. కానీ 1952 వాక్యం నమ్మి ఉద్యోగంలో చేరిన రేంజరు, గార్డు, వాళ్ల రిజిస్టర్లు, వాళ్ల ట్రైనింగు, అన్నీ అలాగే ఉన్నాయి కదా. ఢిల్లీలో కాగితం మారింది, బీటులో మనిషి మారలేదు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవుల మీద నడిచిన గోదావర్మన్ కేసులో నిఘంటువులో అడవి అంటే ఏ అర్థం ఉంటే అదంతా అడవే అంది, 2002 మే 3న ఆక్రమణదారులను సెప్టెంబరు నెలాఖరు కల్లా ఖాళీ చేయించండని కేంద్రం నుంచి రాష్ట్రాలకు లేఖ వచ్చింది. అంటే మా పెద్దాయన 1999లో భాగస్వామి, చిన్నాయన 2002లో ఆక్రమణదారు, 2008లో చిన్నాయన హక్కుదారు, పెద్దాయన ఎవరూ కాదు.

పట్టా భూముల రైతుల సంగతీ అంతే. పొలం గట్టున టేకు పెట్టండని మొక్కలు పంచారు, అవి మాను కట్టే వేళకు 2002లో వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చి, నీ చెట్టు కొట్టాలన్నా పర్మిషన్ తెచ్చుకో అంది. వెదురు గడ్డిజాతి అని ఐదో తరగతి పిల్లవాడికి నేను పాఠం చెప్పేవాణ్ని, కేంద్ర చట్టంలో మాత్రం 2017 దాకా అది చెట్టు. చేనులో పెంచుకున్న వెదురు చెట్టు కాదని చెప్పడానికి ముందు ఆర్డినెన్సు, తర్వాత సవరణ కావాల్సి వచ్చాయి. ఇది మంచి మార్పే, ఒప్పుకోవాలి.

శాఖ సిబ్బందిని తిట్టడానికి ఈ ఉత్తరం రాశానని అనుకోవద్దు. ఒక బీట్ ఆఫీసరు, కుర్రాడు, నా పాత విద్యార్థే, ఓసారి ఇంటికొచ్చి టీ తాగుతూ చెప్పాడు, "పోయినేడు ఆ చెలక చుట్టూ కందకం తవ్వమన్నారు సార్, తవ్వించాను, తిట్లు తిన్నాను, ఈ ఏడు అదే చెలకకి ఫోన్ పట్టుకుని సర్వే చేసి పట్టాకి రాయమంటున్నారు, ఎటు వెళ్లినా నేనే దొరుకుతున్నాను" అని. 2022 నవంబరులో మా జిల్లాలోనే చండ్రుగొండ మండలంలో ఒక రేంజ్ అధికారిని పోడు గొడవలో చంపేశారు. ఏడు నెలలకు, 2023 జూన్ 30న, ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది, రాష్ట్రం మొత్తం మీద సుమారు 4 లక్షల ఎకరాలు, లక్షన్నర మందికి. ఆ కార్యక్రమం టీవీలో చూస్తుంటే, చనిపోయిన ఆ అధికారి ఇంట్లో వాళ్లు కూడా చూస్తూ ఉంటారా అనిపించి టీవీ కట్టేశాను.

ఇక కొత్త కాలం. దీని గురించి మీ వ్యాసం చాలా ఉత్సాహపడింది, అక్కడే నాకు కొంచెం టెన్షన్. 2024 డిసెంబరులో వచ్చిన 2023 నాటి అటవీ సర్వే నివేదిక ప్రకారం దేశంలో అడవి 21.76 శాతం, చెట్లతో కలిపితే 25.17 శాతం. ఈ లెక్కలో అడవి అంటే ఒక హెక్టారు, ఆపైన ఉన్న భూమిలో పది శాతం చెట్ల నీడ కనబడితే చాలు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా. అంటే నూజివీడు మామిడి తోటలూ, మా పెద్దాయన జామాయిలూ ఆకాశం నుంచి చూస్తే అడవే. పెద్దాయన చేను అడవి అయింది కాబట్టి దేశం 33 శాతం వైపు మూడెకరాల ఇరవై గుంటలు దగ్గరైంది అన్నమాట. తోటలు వేరుగా, సహజమైన అడవి వేరుగా చూపించి మీరు ఒక్కసారి లెక్క వేయండి, పాఠకులకు విషయం తెలుస్తుంది.

1988 విధానం స్థానంలో కొత్తది తెద్దామని 2018లో ముసాయిదా పెట్టారు. క్షీణించిన అడవుల్లో మొక్కలు పెంచడానికి ప్రైవేటు భాగస్వామ్యం అనే మాట అందులో ఉంది. భాగస్వామ్యం! ఆ మాట నేను 1999లో ఒకసారి విన్నాను. 2022 నాటి అటవీ సంరక్షణ రూల్స్‌లో, అడవి భూమిని ప్రాజెక్టుకు ఇచ్చేటప్పుడు అక్కడివాళ్ల హక్కుల సంగతి కేంద్రం అనుమతి ఇచ్చాక రాష్ట్రం చూసుకుంటుంది అన్నారు. 2009 నాటి ఆదేశంలో గ్రామసభ ఒప్పుకోలు ముందు రావాలని ఉండేది. ఈ 2022 పద్ధతేమో పెళ్లయ్యాక పిల్లని అడిగినట్టు. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణతో సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు రక్షణ అవసరాల రోడ్లూ గట్రా, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో ఐదు హెక్టార్ల దాకా క్యాంపులూ ప్రజావసరాల కట్టడాలూ చట్టం అడ్డు లేకుండా కట్టుకోవచ్చన్నారు, జూలూ సఫారీలూ కూడా పెట్టుకోవచ్చన్నారు. ఆ మావోయిస్టు ప్రాంతాల లెక్కలో అప్పట్లో మా మండలాలు పడ్డాయి కాబట్టి నాకు పట్టింది. చట్టం పేరు కూడా మార్చారు, వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్ అట. ఇరవై రెండేళ్లు పిల్లలకు గుణింతాలు చెప్పిన నాకే నోరు తిరగడానికి రెండుసార్లు పట్టింది, గ్రామసభలో దీన్ని ఎవరు చదివి వినిపిస్తారో చూడాలి. ఆ సవరణ మీద వేసిన కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో, ప్రస్తుతానికి 1996 నాటి నిఘంటువు అర్థమే పట్టుకోండి అంది.

విధానం మారకూడదని నేననను. అడవీ మారుతుంది, అవసరాలూ మారతాయి. నేనడిగేది చిన్నది. కొత్త విధానం రాసే కమిటీలో ఎవరున్నా సరే, పాత విధానం నమ్మి సంతకం పెట్టినవాడికి ఏమవుతుంది అనే ఒక్క పేరా అందులో పెట్టండి. మా సంగతైతే మరీ తేలిక. వన సంరక్షణ సమితుల తీర్మానం పుస్తకాలు ఉమ్మడి రాష్ట్రంలో వేల ఊళ్లలో రాయించారు, చాలా ఊళ్లలో ఇంకా ఉన్నాయి, చెదలు పట్టకముందు వాటిని బయటికి తీయాలి. పోడు వదిలి ప్లాంటేషన్‌కి ఇచ్చాడు అని రాసి ఉంటే, ఆ రోజు దాకా ఆ భూమి వాడి సాగులోనే ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. జరిమానా రసీదు రుజువు అయినప్పుడు తీర్మానం పుస్తకం ఎందుకు కాకూడదు? 2005 డిసెంబరు 13 అనే తేదీ అడ్డమొస్తుందంటే, అది పార్లమెంటు పెట్టిన తేదీయే కదా, ఈ ఒక్క రకం కేసులకైనా పార్లమెంటే సవరించాలి. అంతవరకూ ఆ ప్లాంటేషన్ల మీద సామూహిక హక్కు గ్రామసభ పేరున ఇవ్వొచ్చు, దానికి చట్టం ఇప్పటికే ఒప్పుకుంటుంది, కొత్తగా ఏమీ రాయక్కర్లేదు. కొన్నిచోట్ల గ్రామసభకు ఇవ్వాల్సిన ఆ పట్టాలు సమితుల పేరున ఇచ్చారు, అలా కాకుండా చూడాలి.

2021 నవంబరులో మళ్లీ దరఖాస్తులు తీసుకున్నప్పుడు పెద్దాయన ఇంకోసారి పెట్టాడు. ఈసారి ఫారం ఆయన మనవరాలు నింపింది, డిగ్రీ చదువుతోంది, నా దగ్గరికి రాలేదు. సర్వేకి వచ్చినవాళ్ల ఫోన్‌లో ప్లాంటేషన్ అని చూపించిందట. ఆయన ఇప్పుడు ఆ జామాయిల్లోనే మేకలు తిప్పుతున్నాడు, కింద గడ్డి సరిగా మొలవదు కాబట్టి కాసేపాగి వాగు ఒడ్డుకు తోలుకుపోతాడు. పోయిన నెల కనబడితే, నీ గురించి పేపరుకు రాస్తానన్నాను. "తెలుగులోనే రాయి సారూ, మా పిల్ల సదివి ఇనిపిస్తది" అన్నాడు.

ఆ తీర్మానం పేజీ జిరాక్సు ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. వరస నంబరు 7. వేలిముద్ర కొంచెం అలుక్కుపోయింది గానీ ఎకరాలూ తేదీ స్పష్టంగానే ఉన్నాయి. అచ్చు వేస్తే పేరు మీద నల్లగీత కొట్టండి, రాసినవాడి సంతకం మాత్రం ఉంచేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా